సి.ఆర్. రావు కథ: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌లో లేని 38 ఏళ్లు

 

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌తో మొదలుపెడతాను. మీలో చాలామందికి అది వచ్చే ఉంటుంది. నాకైతే వేర్వేరు గ్రూపుల్లో మూడు నాలుగు సార్లు వచ్చింది. సంగతేంటంటే, సి.ఆర్. రావు అని ఒక తెలుగాయన 60 ఏళ్లకు రిటైరై, మనవలతో కాలక్షేపం చేద్దామని అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లారట. అక్కడ 62 ఏళ్లకు పిట్స్‌బర్గ్‌లో ప్రొఫెసర్ అయ్యారట. 70 ఏళ్లకు యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో డిపార్ట్‌మెంట్ హెడ్, 82 ఏళ్లకు వైట్‌హౌస్‌లో నేషనల్ మెడల్, 102 ఏళ్లకు స్టాటిస్టిక్స్‌లో నోబెల్ ప్రైజ్. కింద ఒక బాధాకరమైన ముక్తాయింపు కూడా ఉంటుంది: మన దేశంలో రిటైరైన వాడిని ఎవడూ పట్టించుకోడు, విలువ తెలిసింది అమెరికాకే అని.

చదవగానే ఒళ్లు పులకరిస్తుంది. వెంటనే పది మందికి పంపాలనిపిస్తుంది. నేనూ పంపాను, దాచుకోవడం దేనికి. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆయన జీవితం గురించి చదివాక కొంచెం సిగ్గేసింది.

ముందు చిన్న తప్పులు చూద్దాం. స్టాటిస్టిక్స్‌కి నోబెల్ లేదు. 2023లో ఆయనకి వచ్చింది ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్. 2017 నుంచి రెండేళ్లకోసారి ఇస్తున్నారు. ఆ రంగంలో అదే పెద్ద బహుమతి కాబట్టి నోబెల్‌తో పోల్చారు, ఆ పోలికే పోను పోను నిజమైపోయింది. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా కూడా తప్పే. ఆయన పనిచేసింది పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ అవి వేర్వేరు ఊళ్లలో ఉన్న వేర్వేరు సంస్థలు. పిట్స్‌బర్గ్‌కి వెళ్లింది 1979లో, అప్పటికి ఆయనకింకా అరవై నిండలేదు.

ఇవి పోనీలే అనుకోవచ్చు. అసలు తప్పు ఏమిటంటే, ఆ మెసేజ్ కథని 60 దగ్గర మొదలుపెడుతుంది. 102 ఏళ్ల వయసులో ఆయనకి బహుమతి తెచ్చిన పని అచ్చయింది 1945లో. అదీ కలకత్తాలో. అప్పటికి ఆయన పాతికేళ్ల కుర్రాడు. 1941 నుంచి 1979 దాకా, 38 ఏళ్లు ఆయన మన దేశంలోనే ఒకే సంస్థలో పనిచేశారు. ఫార్వర్డ్‌లో ఆ 38 ఏళ్లకి ఒక్క లైను కూడా లేదు. ఈరోజు మనం మాట్లాడుకునేది ఆ 38 ఏళ్ల గురించే.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఒక మాట. గచ్చిబౌలి వైపు నుంచి సెంట్రల్ యూనివర్సిటీ పక్కగా వెళ్లే రోడ్డు ఉంది కదా, మ్యాప్స్‌లో చూస్తే ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్ అని ఉంటుంది. ఆ రావు ఈయనే. యూనివర్సిటీ క్యాంపస్ లోపల ఆయన పేరుతో ఒక పరిశోధనా సంస్థ కూడా ఉంది. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఫోన్‌లో నీలం చుక్క చూసుకుంటూ ఉంటాం. ఆ చుక్కకి, ఈ రావు గారికి చిన్న సంబంధం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆయన పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబర్ 10న హడగళిలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా, ఇప్పుడు కర్ణాటక. తెలుగు కుటుంబం. పది మంది పిల్లల్లో ఈయన ఎనిమిదోవాడు. దేవకి ఎనిమిదో సంతానం కృష్ణుడు కాబట్టి ఈయనకి రాధాకృష్ణ అని పెట్టారు. నాన్నగారు పోలీస్ ఇన్‌స్పెక్టర్, అందుకని బదిలీల మీద బదిలీలు. గూడూరు, నూజివీడు, నందిగామ, ఆ తర్వాత విశాఖపట్నం. ఇలా ఊరు మారినప్పుడల్లా బడి మారుతూ చదువుకున్నారు.

వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారి గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి కొడుకుని లేపి, నూనెదీపం వెలిగించి, చదువుకోమని కూర్చోబెట్టేవారట. చాలా ఏళ్ల తర్వాత 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే పుస్తకం రాసినప్పుడు రావు గారు దాన్ని ఆమెకే అంకితమిచ్చి, ఈ దీపం సంగతి అందులో చెప్పుకున్నారు.

విశాఖలో ఏవీఎన్ కాలేజీలో ఇంటర్, తర్వాత ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్. 1940లో ఫస్ట్ క్లాసులో ఫస్ట్ ర్యాంకు. ఇక్కడిదాకా వింటే దారి తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. రీసెర్చ్ స్కాలర్‌షిప్ వస్తుంది, పీహెచ్‌డీ చేస్తాడు, అక్కడే లెక్చరర్ అవుతాడు. అలా జరగలేదు. స్కాలర్‌షిప్‌కి పెట్టిన అప్లికేషన్ ఆలస్యంగా అందిందని తిప్పికొట్టారు.

అంతే. లాస్ట్ డేట్ దాటిపోయింది. ఇలాంటిది మనలో ఎంతమందికి జరిగి ఉంటుందో! ఫస్ట్ ర్యాంకు చేతిలో ఉంది, చేయడానికి పని లేదు. బయట చూస్తే రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది.

ఆ యుద్ధం వల్లే ఇంకో అవకాశం కనిపించింది. ఆర్మీ సర్వే యూనిట్‌కి ఒక గణితజ్ఞుడు కావాలని తెలిసి అప్లై చేశారు. ఇంటర్వ్యూ కలకత్తాలో. విశాఖ నుంచి రైలెక్కి వెళ్లారు. ఆ ఉద్యోగమూ రాలేదు. అయితే కలకత్తాలో బస చేసిన చోట ఒక దక్షిణాది కుర్రాడు పరిచయమయ్యాడు. ఇక్కడేం చేస్తున్నావని అడిగితే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది, అందులో ట్రైనింగ్ తీసుకుంటున్నా అన్నాడు. రావు గారు ఆ పేరు వినడం అదే మొదలు. సరే చూద్దాం అని అతనితో కలిసి వెళ్లారు.

అక్కడ ఏముందో చెబుతాను. మీరు పెద్ద బిల్డింగ్ ఊహించుకుంటున్నారేమో, అలాంటిదేం లేదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లోనే స్టాటిస్టికల్ ల్యాబ్ అని ఒకటి నడుపుతున్నాడు. అది పెరిగి పెరిగి 1931లో ఇన్‌స్టిట్యూట్ అయింది. క్యాంపస్ లేదు, డిగ్రీలు ఇచ్చే అధికారం లేదు. చేసే పనులు మాత్రం పెద్దవి. బెంగాల్ మొత్తం మీద జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో ప్రతి పొలమూ తిరగకుండా, కొన్ని పొలాలు మాత్రమే చూసి ఎలా లెక్కగట్టాలి? మనుషుల శరీర కొలతలు తీసుకుని, ఏ సమూహానికి ఏ సమూహం దగ్గరో ఎలా చెప్పాలి? ఇలాంటివి.

స్టాటిస్టిక్స్ అంటే అప్పటికి చాలామంది దృష్టిలో గుమాస్తా పని. జనాభా లెక్కలు, పంటల లెక్కలు, పట్టికలు. మ్యాథ్స్‌లో ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్నవాడు ఇందులోకి రావడమంటే ఒక మెట్టు దిగినట్టే అనుకునే కాలం. రావు గారు ఇంటికి వెళ్లి ఆలోచించుకుని, 1941 జనవరి 1న వచ్చి చేరిపోయారు. అదే ఏడాది కలకత్తా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. మొదలుపెట్టింది. రావు గారిది ఆ మొట్టమొదటి బ్యాచ్. 1943లో ఫస్ట్ క్లాస్ ఫస్ట్, గోల్డ్ మెడల్. ఆ వెంటనే ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉద్యోగం, పక్కన యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పాఠాలు.

ఇప్పుడు అసలు సీన్‌కి వద్దాం.

రావు గారు క్లాసులో 'ఎస్టిమేషన్' చెబుతున్నారు. ఎస్టిమేషన్ అంటే అంచనా కట్టడం. మీ ఇంట్లో పాత త్రాసు ఉందనుకోండి. ముల్లు కొంచెం ఊగుతూ ఉంటుంది. ఒకే వస్తువుని ఐదుసార్లు తూస్తే ఐదు రకాల బరువులు వస్తాయి. అసలు బరువెంతో ఎలా చెప్తారు? ఐదింటి సగటు తీసుకుంటారు. ఇంకొకరు మధ్యలో ఉన్న అంకె తీసుకుంటారు. మరొకరు బాగా ఎక్కువ, బాగా తక్కువ వదిలేసి మిగతా మూడింటి సగటు తీస్తారు. ఇన్ని పద్ధతుల్లో ఏది మంచిది? దానికన్నా లోతైన ప్రశ్న ఇంకోటుంది. ఎంత తెలివైనవాడైనా సరే, ఆ ఐదు కొలతల నుంచి ఎంత కచ్చితంగా చెప్పగలడు? ఎక్కడో ఒక హద్దు ఉండాలి కదా?

బ్రిటన్‌లో రోనాల్డ్ ఫిషర్ అనే మహానుభావుడు దీనికి ఒక సమాధానం ఇచ్చాడు. కొలతలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు అంచనాలో పొరపాటు ఇంతకంటే తగ్గదు అని. రావు గారు ఆ ఫలితమే బోర్డు మీద నిరూపించారు. వెనక నుంచి ఒక విద్యార్థి లేచి, కొలతలు తక్కువే ఉన్నప్పుడు కూడా ఇలాంటిది నిరూపించలేరా అని అడిగాడు.

అడిగినతని పేరు వి.ఎం. దండేకర్. వయసులో దాదాపు మాస్టారితో సమానం. తర్వాతి కాలంలో భారతదేశంలో పేదరికం మీద లెక్కలు వేసిన పెద్ద ఆర్థికవేత్త అయ్యాడు. ఆరోజు మాత్రం మాస్టారిని ఇరుకున పెట్టిన కుర్రాడు.

మాస్టారి దగ్గర సమాధానం లేదు. ఇలాంటప్పుడు 'సిలబస్‌లో లేదు, కూర్చో' అనొచ్చు. మనకి అలవాటైన జవాబు అదే. రావు గారు ఇంటికెళ్లి ఆ రాత్రంతా కూర్చున్నారు. మర్నాడు క్లాసుకి వచ్చి నిరూపించి చూపించారు.

ఆ ఫలితాన్ని ఇప్పుడు ప్రపంచమంతా క్రామేర్–రావు ఇన్‌ఈక్వాలిటీ అంటోంది. దాని సారం ఇది. ప్రతి కొలతలోనూ కొంత 'సమాచారం' ఉంటుంది, దాన్ని అంకెలో చెప్పొచ్చు. ఒకవైపుకి ఒరిగిపోకుండా కట్టే ఏ అంచనా అయినా సరే, ఆ సమాచారం అనుమతించిన దానికంటే కచ్చితంగా ఉండదు. మన త్రాసు విషయంలో, పొరపాటుని సగానికి తగ్గించాలంటే రెండింతలు తూస్తే చాలదు, నాలుగింతలు తూయాలి. అడ్డదారి లేదు. లేదని నిరూపణ ఉంది.

ఫోన్‌లో నీలం చుక్క అన్నాను కదా. చుక్క చుట్టూ లేత నీలం వలయం కూడా ఉంటుంది. మీరు ఈ వలయంలో ఎక్కడో ఉన్నారు అని ఫోన్ చెప్పుకుంటోందన్నమాట. సిగ్నల్స్ నుంచి ఒక వస్తువు ఎక్కడుందో కనుక్కునే ఇంజనీర్లు, అది రాడార్ అయినా, జీపీఎస్ అయినా, తమ పద్ధతి ఎంత బాగుందో తేల్చుకోవడానికి ముందు ఈ హద్దుని లెక్కవేస్తారు. దాని దగ్గరికి చేరితే, ఇంక బాగుచేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదని అర్థం. ఒక క్లాసులో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు అది.

ఈ ఫలితం కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో 1945లో అచ్చయింది. మొత్తం 11 పేజీలు. అందులో ఇదొక్కటే లేదు, ఇంకో రెండున్నాయి.

రెండోది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే నాణెంతో చెప్పొచ్చు. ఒక నాణెం ఉంది, బొమ్మ పడే అవకాశం ఎంతో తెలియదు. పదిసార్లు ఎగరేశారు. ఒక బద్ధకస్తుడు మొదటిసారి మాత్రమే చూసి, బొమ్మ పడితే అవకాశం 1 అంటాడు, బొరుసు పడితే 0 అంటాడు. పరమ నాసిరకం అంచనా. ఇప్పుడు ఆలోచించండి. నాణెం విషయంలో ఏ వరసలో పడిందన్నది అనవసరం, మొత్తం ఎన్ని బొమ్మలన్నదే అవసరం. పదిలో 6 బొమ్మలు పడ్డాయని తెలిస్తే, మొదటిసారి పడింది బొమ్మే అయ్యే సగటు అవకాశం 6/10. బద్ధకస్తుడి అంచనా బదులు ఈ సగటు పెట్టండి. నాసిరకం అంచనా కాస్తా, మనందరం వాడే మంచి అంచనా అయిపోయింది. ఇలా అవసరమైన సమాచారం మీద సగటు తీస్తే ఏ అంచనా అయినా బాగుపడుతుంది, లేదా ఉన్నచోటే ఉంటుంది. చెడిపోవడం మాత్రం జరగదు. అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో ఇదే విషయాన్ని విడిగా కనుక్కున్నారు, అందుకని రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు.

మూడోది చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండు సంభావ్యతా నమూనాల మధ్య 'దూరం' కొలవడానికి జ్యామితి వాడొచ్చని రావు గారు అందులో చూపించారు. అదే తర్వాత ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే ఒక శాఖగా పెరిగింది. ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ పేపర్లలో ఆ మాట కనిపిస్తుంది.

ఒకటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మొదటి ఫలితం దగ్గరికి వచ్చింది రావు గారొక్కరే కాదు. స్వీడన్‌లో హరాల్డ్ క్రామేర్ దాన్ని తన పుస్తకంలో పెట్టాడు, 1946లో ఆ పుస్తకం ప్రపంచానికి అందింది. ఫ్రాన్స్‌లో మోరిస్ ఫ్రెషే 1943లోనే దీనికి దగ్గరి రూపం ప్రచురించాడు. అందుకే ఫ్రెంచివాళ్లు ఆయన పేరు కూడా కలుపుతారు. యుద్ధకాలం, పత్రికలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేరే దిక్కు లేదు. ఒకరి పని ఒకరికి తెలియదు. ఒక తెలుగువాడు అందరికన్నా ముందు కనిపెట్టేశాడు, తెల్లవాళ్లు కాపీ కొట్టారు అని కూడా కొందరు రాస్తున్నారు. అలా రాయాల్సిన అవసరం రావు గారికి లేదండి. 11 పేజీల్లో మూడు పునాదిరాళ్లు వేసినాయనకి మన వకాల్తా ఎందుకు?

సరే, 1946. ఈసారి కేంబ్రిడ్జ్ నుంచి కబురు. స్కాలర్‌షిప్ ఏమీ కాదు, ఎముకల కోసం! సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట హెన్రీ వెల్‌కమ్ అనే సంపన్నుడు 1910 తర్వాత తవ్వకాలు చేయించాడు. బోలెడన్ని అస్థిపంజరాలు దొరికి కేంబ్రిడ్జ్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఏ జాతివాళ్లవి, ఎవరికి దగ్గర అని తేల్చాలి. రెండు సమూహాల మధ్య తేడాని కొలిచే పద్ధతి మహలనోబిస్ దగ్గరుంది. దాన్ని వాడటం వచ్చినవాళ్లని పంపండి అని మ్యూజియంవాళ్లు అడిగారు. మహలనోబిస్ రావు గారిని, ఇంకో సహోద్యోగిని పంపారు.

పగలు మ్యూజియంలో పుర్రెల కొలతలు. అక్కడే కింగ్స్ కాలేజీలో పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నారు. గైడ్ ఎవరు? ఎవరి ఫలితాన్ని బోర్డు మీద నిరూపించబోతే దండేకర్ అడ్డం తగిలాడో, ఆ ఫిషరే. ఆయన అప్పుడు కేంబ్రిడ్జ్‌లో జెనెటిక్స్ ప్రొఫెసర్. గైడ్‌గా ఉంటాను గానీ ప్రాబ్లం నువ్వే వెతుక్కోవాలి, నా ల్యాబ్‌లో ఎలుకల పెంపకంలో పనిచేయాలి అని షరతు పెట్టాడు. అంటే ఫస్ట్ ర్యాంకు మ్యాథ్స్ కుర్రాడు ఒకవైపు పుర్రెలు, ఇంకోవైపు ఎలుకలు. ఆ రెండేళ్లలో థీసిస్ అయిపోయింది, 1948లో పీహెచ్‌డీ వచ్చింది. థీసిస్ విషయం కూడా మ్యూజియం పని లోంచి వచ్చిందే, జీవుల్ని వర్గీకరించడంలో వచ్చే స్టాటిస్టిక్స్ సమస్యలు. స్కోర్ టెస్ట్ అని స్టాటిస్టిక్స్ స్టూడెంట్స్ చదువుకునేది కూడా ఆయన 1948 పేపరే.

గమనించారా? దండేకర్ ప్రశ్న క్లాసులో వచ్చింది. వర్గీకరణ ఎముకల దగ్గర వచ్చింది. ఇంకోటి చెప్తాను చూడండి. 1947లో ఆయన ఆర్తోగోనల్ అర్రేల మీద ఒక పేపర్ రాశారు. పొలాల్లో ప్రయోగాలు చేసేటప్పుడు ఎరువు, నీళ్లు, విత్తనం, ఇలా చాలా విషయాలు ఒకేసారి మార్చి చూడాలి, కానీ అన్ని కాంబినేషన్లూ వేయడానికి పొలం చాలదు. మీ భాషలో చెప్పాలంటే, ఒక యాప్‌లో ఆన్ లేదా ఆఫ్ చేయగల సెట్టింగులు 10 ఉన్నాయి. అన్ని కాంబినేషన్లూ పరీక్షించాలంటే 1,024 సార్లు. ఏ రెండు సెట్టింగులు తీసుకున్నా వాటి నాలుగు జతలూ సమానంగా వచ్చేలా పేర్చుకుంటే 12 సార్లు చాలు. ఇలాంటి పేర్పుల సిద్ధాంతం అది. జపాన్‌లో గెనిచి టగుచి ఈ అర్రేలని ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లి క్వాలిటీ పెంచడానికి వాడాడు. ఆయన 1950లలో కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి వెళ్లినవాడే.

మ్యాథ్స్ అంటే గదిలో తలుపేసుకుని ఒంటరిగా చేసేదని మనకో బొమ్మ ఉంది. రావు గారి పని నాకు అలా కనిపించదు. పంట లెక్కలు, మనుషుల కొలతలు, పాఠం చెప్పడం, ఎవరో అప్పగించిన పని. అందులోంచి గణితం పుట్టింది.

1948లో తిరిగొచ్చారు. కేంబ్రిడ్జ్ డిగ్రీ, ఫిషర్ శిష్యుడు, అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. 1949లో ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్ అయ్యారు, ఇంకా ముప్పై నిండలేదు. అక్కడినుంచి 30 ఏళ్లు పరిశోధన, శిక్షణ విభాగం ఆయన చేతుల్లో నడిచింది. 1959లో పార్లమెంటు చట్టం చేసి ఇన్‌స్టిట్యూట్‌కి డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చింది. మరుసటి ఏడు బి.స్టాట్, ఎం.స్టాట్ మొదలయ్యాయి. ఇప్పటికీ ఆ ఎంట్రన్స్ రాసేవాళ్లు మన ఎపిసోడ్స్ చూసేవాళ్లలో ఉంటారు, వాళ్లకి తెలుసు ఆ పేపర్ సంగతి!

ఆ రోజుల్లో అక్కడ నలుగురు కుర్రాళ్లు ఉండేవారు. వరదరాజన్, రంగారావు, పార్థసారథి, శ్రీనివాస వరదన్. నలుగురూ ప్రాబబిలిటీలో ప్రపంచస్థాయి పేర్లయ్యారు. వరదన్ పీహెచ్‌డీకి రావు గారే గైడ్. 1962లో రష్యా నుంచి కోల్మొగొరోవ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. ప్రాబబిలిటీకి ఆధునిక పునాది వేసిన మనిషి. 22 ఏళ్ల వరదన్ తన పని గురించి మాట్లాడుతుంటే ఆయన కూర్చుని విన్నారు, థీసిస్‌ని పరీక్షించిన వాళ్లలో ఆయనా ఒకరు. ఆ వరదన్‌కి 2007లో ఏబెల్ ప్రైజ్ వచ్చింది. రావు గారి పని స్టాటిస్టిక్స్, ఈ కుర్రాళ్లకి నచ్చింది శుద్ధ ప్రాబబిలిటీ. నా దారిలోనే రండి అని ఆయన లాగలేదు. తనని ఎముకల దగ్గరికి పంపిన మహలనోబిస్, నీ ప్రాబ్లం నువ్వే వెతుక్కో అన్న ఫిషర్, ఇద్దరి దగ్గరా నేర్చుకున్నదేమో అనిపిస్తుంది నాకు.

1965లో 'లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్' అనే పెద్ద పుస్తకం, రష్యన్, జర్మన్ సహా చాలా భాషల్లోకి వెళ్లింది. 1967లో రాయల్ సొసైటీ ఫెలో. 1968లో పద్మభూషణ్. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, అమెరికా వెళ్లడానికి 11 ఏళ్ల ముందు. మనవాళ్లు గుర్తించలేదు అనే మాట ఇక్కడే తేలిపోతుంది. 1972లో మహలనోబిస్ చనిపోయాక ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ బాధ్యత కూడా ఈయన మీదే పడింది.

1979లో అమెరికా. పిట్స్‌బర్గ్‌లో తొమ్మిదేళ్లు, 1988లో పెన్ స్టేట్. 2001 దాకా అక్కడ పాఠాలు, పరిశోధన, అంటే 80 ఏళ్ల వయసు దాకా. ఇక్కడ ఫార్వర్డ్ చెప్పినదాంట్లో కొంత నిజముంది, ఒప్పుకోవాలి. మన సంస్థల్లో పుట్టినతేదీ చూసి ఇంటికి పంపిస్తారు. మనిషి ఏం చేయగలడన్నది తర్వాతి మాట. అమెరికాలో 1994 నుంచి ప్రొఫెసర్లకి తప్పనిసరి రిటైర్మెంట్ వయసు లేదు. ఆయన్ని ఇంకో 20 ఏళ్లు పనిచేయనిచ్చింది ఆ దేశం. అందుకు మెచ్చుకోవాల్సిందే. 2002లో వాళ్ల ప్రభుత్వం ఇచ్చే నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అందుకున్నారు. దానికి ఏడాది ముందే, 2001లో ఇక్కడ పద్మవిభూషణ్.

కానీ ఆ మెసేజ్ చదివిన ఇరవై ఏళ్ల కుర్రాడికి ఏమర్థమవుతుంది? ఇక్కడున్నంతకాలం ఏమీ జరగదు, విమానం ఎక్కాకే జీవితం మొదలవుతుంది అని. నాకు కోపం వచ్చింది అక్కడే. మూడు ఫలితాలూ వచ్చింది కలకత్తాలో, ఒక కాలేజీ నుంచి అద్దె లేకుండా నడుస్తున్న సంస్థలో, జీతం తక్కువ, పత్రికలు అందని యుద్ధకాలంలో. ఒక గురువు రమ్మన్నాడు, ఒక విద్యార్థి ప్రశ్న అడిగాడు, ఒక స్థానిక పత్రిక అచ్చువేసింది. ఇవి మూడూ ఇక్కడే దొరికాయి. ఇప్పుడున్న మన యూనివర్సిటీల్లో ఈ మూడూ దొరుకుతున్నాయా అన్నది వేరే ఎపిసోడ్. కామెంట్లలో ఎలాగూ మొదలుపెడతారు మీరు.

2023 ఏప్రిల్‌లో ప్రైజ్ ప్రకటించారు. ప్రకటనలో ప్రత్యేకంగా చెప్పింది 1945 పేపర్ గురించే. 78 ఏళ్ల తర్వాత. ఆగస్టు 22న, 103వ పుట్టినరోజుకి మూడు వారాల ముందు, అమెరికాలోనే కన్నుమూశారు.

ఆ ఫార్వర్డ్ మళ్లీ వస్తుంది, అవి చావవు కదా. వచ్చినప్పుడు పంపినాయనతో గొడవ పెట్టుకోకండి, మా మావయ్యతో నేను పెట్టుకుని చూశాను, లాభం లేదు. కింద ఒక లైను కలిపి తిరిగి పంపించండి: 1945, కలకత్తా, 11 పేజీలు.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం.